లాక్స్‌టన్: లోపల కంచెల్లేని పొలాలు, ఇప్పటికీ కూర్చునే ఊరి కోర్టు

ట్రెంట్‌ఒడ్డు (నాటింగ్‌హామ్)

ఇంగ్లండ్ పల్లె అనగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ మెదులుతుంది. ముళ్ళపొదల కంచెల మధ్య పచ్చటి పొలాలు, దూరదూరంగా విసిరేసినట్టు ఒక్కో రైతు ఇల్లు. ఆ బొమ్మ మనం అనుకున్నంత పాతది కాదు. చాలా ఊళ్ళలో దాని వయసు రెండు, మూడు వందల ఏళ్ళు. అంతకుముందు మధ్య ఇంగ్లండులో ఊరికి రెండో మూడో పెద్ద పొలాలుండేవి. ఒక్కో పొలం వందల ఎకరాలు, లోపల కంచె ఉండదు. ప్రతి రైతుకూ అందులో సన్నగా పొడుగ్గా కొన్ని నేల చెక్కలు, అక్కడొకటి ఇక్కడొకటి.

ఆ పద్ధతిలో ఇప్పటికీ సేద్యం చేస్తున్న ఊరు లాక్స్‌టన్. నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్‌కి ఉత్తరాన ఉంటుంది. జనం రెండు, మూడు వందలు. పొలాలు మూడు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. మూడూ కలిపి సుమారు 480 ఎకరాలు. వీటి హద్దులూ కట్టుబాట్లూ చూసుకునే మధ్యయుగపు కోర్టు ఏటా ఊరి పబ్‌లో కూర్చుంటుంది. ఇది వేడుక కోసం చేసే ఉత్సవం కాదు. తప్పు చేసిన రైతుకు నిజంగానే జరిమానా పడుతుంది.

మనవాళ్ళు ఇంగ్లండ్ వస్తే లండన్, స్టోన్‌హెంజ్, స్ట్రాట్‌ఫర్డ్ చూసి వెళ్ళిపోతారు. సేద్యం తెలిసిన వాళ్ళు చూడాల్సిన ఊరు ఇది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్ళు కలపండి, తెలియనివి అడగండి.

మెట్టరైతు (మార్కాపురం)

బాగుందన్నా. నాకు మొదట వచ్చిన అనుమానం ఒకటే. కంచె లేదంటున్నారు. మరి పక్కవాడు దున్నేటప్పుడు ఒక సాలు ఇటు జరిగితే? మా దగ్గర గట్టుండి, సర్వే రాయి ఉండి కూడా ఏటా తగువే. రాయి కూడా నడుస్తుంది మా ఊళ్ళో. ఇంకోటి, ఒక్కో రైతుకు చెక్కలు అన్ని చోట్ల ఎందుకు? అన్నీ ఒకచోటికి మార్చుకుంటే డీజిలు మిగులుతుంది కదా.

ట్రెంట్‌ఒడ్డు (నాటింగ్‌హామ్)

రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. అక్కడిది బరువైన ఎర్ర బంకమట్టి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే పెళ్ళ పగలదు. అందులోనే కాస్త మెరకా ఉంటుంది, నీళ్ళు నిలిచే పల్లమూ ఉంటుంది. చెక్కలు చెదిరి ఉంటే మంచి నేలలో కొంత, చెడ్డ నేలలో కొంత అందరికీ వస్తుంది. ఒక ఏడు పల్లం మునిగినా ఏ ఒక్క ఇల్లూ పూర్తిగా మునగదు. ఈ పద్ధతి పుట్టుకకు కారణం ఇదేనా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఉమ్మడిగా ఎద్దులు కట్టి దున్నడం వల్ల, వారసులు పంచుకోవడం వల్ల అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ మట్టిలో నడిచాక మొదటి కారణమే బలంగా తోచింది.

చెక్కలు ఇప్పుడు పూర్వమంత సన్నగా లేవు. 20వ శతాబ్దం మొదట్లో ఊరి భూమి యజమానులైన ఎస్టేటు వాళ్ళు చాలావాటిని కలిపి పెద్దవి చేశారు. అప్పటిదాకా నాలుగో పొలం కూడా ఉండేది, ఈస్ట్ ఫీల్డ్. అది అప్పుడే పోయింది. ఆ కలపడం జరక్కపోతే ట్రాక్టర్ల కాలానికి మిగతా మూడూ నిలిచేవి కావేమో.

సాలు జరిగితే ఏమవుతుందన్నది అసలు విషయం. దానికి విడిగా రాస్తాను.

పాతపటాలు (రాజమహేంద్రవరం)

ఈ ఊరి గురించి నేను చదివింది దాని పటం వల్ల. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు లాక్స్‌టన్ మొత్తాన్నీ చెక్క చెక్కగా కొలిచి పెద్ద పటం గీశాడు. ఏ చెక్క ఎవరిదో విడిగా ఒక పుస్తకంలో రాసిపెట్టారు. ఆ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. కొలతలే కాదు, పొలాల మధ్య చిన్న చిన్న బొమ్మలు కూడా వేశాడు. నాగలి పట్టినవాళ్ళు, కోత కోసేవాళ్ళు, వేటకు వెళ్ళేవాళ్ళు. మన దగ్గర ఎఫ్ఎంబీ పటాలు, అంటే సర్వే నంబర్ల కొలతల పటాలు చూసినవాళ్ళకు అది ఎంత కష్టమైన పనో అర్థమవుతుంది. గొలుసు పట్టుకుని ఆ బంకమట్టిలో తిరగాలి.

ఆ పటం గీయించింది ఎవరో చూడండి. సర్ విలియం కోర్టెన్, లండన్ వర్తకుడు. ఊరు అంతకుముందు బకింగ్‌హామ్ డ్యూక్ చేతిలో ఉండేది, ఈయన కొన్నాడు. సరిగ్గా 1635లోనే ఈస్టిండియా కంపెనీకి పోటీగా తూర్పు దేశాల వ్యాపారానికి చార్లెస్ రాజు దగ్గర అనుమతి సంపాదించాడు. జాన్ వెడెల్ అనే కెప్టెన్ నాయకత్వంలో ఆయన ఓడలు గోవాకూ, కన్నడ తీరంలోని భట్కల్‌కూ వచ్చాయి. కోర్టెన్ మరుసటి ఏడే చనిపోయాడు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో అక్కడ పొలం చెక్కలు కొలిపిస్తూ, ఇక్కడికి మిరియాల కోసం ఓడలు కట్టించడం నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. భూమి కొన్నవాడికి దాన్నుంచి ఎంత వస్తుందో కచ్చితంగా తెలియాలి. అందుకే ఆ పటం.

తర్వాత ఊరు పియర్‌పాంట్ కుటుంబానికి వెళ్ళింది. కింగ్‌స్టన్ డ్యూకులు, ఆ తర్వాత మ్యాన్వర్స్ ఎర్ల్‌లు వాళ్ళే. కాబట్టి "ఊరుమ్మడి" అనే మాటను జాగ్రత్తగా వాడాలి. పద్ధతి ఉమ్మడిది, భూమిలో చాలాభాగం జమీందారుది. రైతుల్లో ఎక్కువమంది కౌలుదార్లు.

ఎన్నెల (లెస్టర్)

పాతపటాలు గారు చివర్లో అన్నది చాలా ముఖ్యం. ఇంకా వెనక్కి వెళ్దాం. 1086లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు తీయించిన భూముల లెక్క, డూమ్స్‌డేలో ఈ ఊరు "లాక్సిన్‌ట్యూన్" పేరుతో ఉంది. నార్మన్లు రాకముందు టోకి అనేవాడిది, తర్వాత జెఫ్రీ అల్సెలిన్‌ది అయింది. ఊళ్ళో 22 మంది విల్లెయిన్లు, అంటే దొర భూమికి కట్టుబడి వెట్టి చేయాల్సిన రైతులు. 7 మంది చిన్న కమతాలవాళ్ళు. ఆ కింద 5 మంది మగ బానిసలు, 1 ఆడ బానిస. ఆ ఒక్క ఆడమనిషిని లెక్కలో చూసి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. పేరు లేదు. ఆస్తి కింద లెక్క ఉంది.

ఊరికి ఉత్తరాన మట్టికోట దిబ్బ ఇప్పటికీ ఉంది. మోట్ అనే ఆ దిబ్బ, దాని పక్కన బెయిలీ అనే ఆవరణ, చుట్టూ కందకాలు. నార్మన్లు కట్టింది. షేర్‌వుడ్ అడవి కాపలా అధికారం వంశపారంపర్యంగా ఈ కోట దొరలదే, డి కాక్స్‌లు మొదట, ఎవరింగ్‌హామ్‌లు తర్వాత. సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగ్‌హామ్‌ల శిలావిగ్రహాలతో పాటు కొయ్యతో చెక్కిన ఒక స్త్రీ విగ్రహం కూడా ఉంది. మధ్యయుగపు కొయ్య విగ్రహాలు ఇంగ్లండ్‌లో చాలా తక్కువగా మిగిలాయి, వెళ్ళినవాళ్ళు దాన్ని తప్పకుండా చూడాలి.

నేను చెప్పదలచింది ఏమిటంటే, అందరూ కలిసి హాయిగా బతికిన ఊరని దీన్ని ఊహించుకోవద్దు. పైన దొర, కింద వెట్టి. మధ్యలో, దున్నడం ఎప్పుడు, మేపడం ఎప్పుడు, కాలువ ఎవరు తీయాలి అన్న చోట మాత్రం రైతుల మాట చెల్లింది. ఆ చిన్న చోటే ఈ ఊరి చరిత్రలో నాకు నచ్చేది.

కందిచేను (మహబూబ్‌నగర్)

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, పంటల సంగతి నేను చెబుతాను. మూడు పొలాలకు మూడేళ్ళ చుట్టు. ఒక పొలంలో శరదృతువులో విత్తే గోధుమ. రెండో దాంట్లో వసంతంలో విత్తేవి, బార్లీ, చిక్కుడు జాతి గింజలు వగైరా. మూడోది బీడు. మరుసటి ఏడు అన్నీ ఒక మెట్టు జరుగుతాయి. ఎవరి చెక్క ఏ పొలంలో ఉంటే ఆ ఏడు ఆ పంటే. నేనొక్కణ్ణే వేరే వేస్తానంటే కుదరదు.

ఎందుకు కుదరదో మేత వల్ల అర్థమవుతుంది. కోతలయ్యాక ఊరి పశువులన్నీ, గొర్రెలతో సహా, ఆ పొలంలో కొయ్యకాలు మేసేవి. బీడు పొలంలోనూ అంతే. పేడ, పెంట అక్కడే పడేది. రసాయన ఎరువు లేని కాలంలో నేలకు బలం అదే. మధ్యలో ఒకడి పచ్చటి పైరుంటే మందను లోపలికి ఎలా వదులుతారు? అందుకే విత్తడం అందరిదీ ఒకసారి, కోత అందరిదీ ఒకసారి. మా పాలమూరు చేలల్లో గొర్రెల మంద పెట్టించుకున్న రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఉమ్మడి మేపు ఆగిపోయింది కదా ట్రెంట్‌ఒడ్డు గారూ? అయినా మూడేళ్ళ చుట్టు పాటిస్తున్నారంటే గొప్పే. బీడుకు పోయే ఏడు ఆదాయం పోగొట్టుకోవడమే కదా.

ట్రెంట్‌ఒడ్డు (నాటింగ్‌హామ్)

అవును సార్, మంద మేపు ఆగింది, చుట్టు ఆగలేదు. అక్కడి రైతులెవరూ ఈ చెక్కల మీదే బతకడం లేదు. మూడు పొలాల బయట, ఊరి పరిధిలోనే, కంచె వేసిన పొలాలు ఒక్కొక్కరికి ఉన్నాయి. చెక్కల కౌలు వాటితో కలిపే వస్తుంది.

ఇప్పుడు మెట్టరైతు అడిగిన సాలు సంగతి.

గోధుమ విత్తాక, నవంబర్ చివర్లో ఒకరోజు జ్యూరీ పొలానికి వెళుతుంది. జ్యూరీ అంటే బయటివాళ్ళు కాదు, ఆ ఊరి రైతులే. ఒక పెద్ద, ఆయనతో ఓ పన్నెండు మంది. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి గోధుమ పొలమంతా తిరుగుతారు. చెక్కల కొసల్లో హద్దు ఎక్కడుండాలో చూసుకుంటూ కొయ్య మేకులు కొడతారు. ఎవరైనా బాట మీదికో, దున్నకూడని పచ్చిక మీదికో నాగలి జరిపితే అక్కడే కనబడుతుంది, ఎందుకంటే కొత్తగా దున్నిన మట్టి అప్పటికి పచ్చిక మీద నల్లగా తేలి ఉంటుంది. కాలువ పూడిక తీయకపోయినా రాసుకుంటారు. ఏటా గోధుమ పొలాన్నే చూస్తారు కాబట్టి మూడేళ్ళలో మూడు పొలాల హద్దులూ తనిఖీ అయిపోతాయి. మధ్యాహ్నం డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో భోజనం. అక్కడే ఎవరి మీద ఏం రాయాలో మాట్లాడుకుంటారు.

వారం తర్వాత అదే పబ్‌లో కోర్ట్ లీట్, అంటే మొదట చెప్పిన ఊరి కోర్టు, కూర్చుంటుంది. స్టీవార్డ్ అధ్యక్షుడు, ఆయన వకీలు. బెయిలిఫ్ కోర్టు మొదలైందని కేకవేసి చెబుతాడు. పేర్లు పిలుస్తారు. పాత జ్యూరీ తను చూసింది చెబుతుంది, జరిమానాలు వేస్తారు, వచ్చే ఏటికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. జరిమానా కొద్ది పౌండ్లే.

1977లో పార్లమెంటు ఒక చట్టం తెచ్చి ఇలాంటి పాత మేనర్ (జమీందారీ) కోర్టుల అధికారాలు దేశమంతటా తీసేసింది. ఆ చట్టంలోనే లాక్స్‌టన్‌ను పేరుపెట్టి మినహాయించారు.

మెట్టరైతు (మార్కాపురం)

కొద్ది పౌండ్లకు ఎవడు భయపడతాడన్నా? మా మండలంలో ఐదు వేలు కట్టి నవ్వుకుంటూ పోయేవాళ్ళున్నారు.

ఎన్నెల (లెస్టర్)

డబ్బుకు కాదు భయం. ఈ ఏడు నిన్ను రాసినవాడిని వచ్చే ఏడు నువ్వు రాయొచ్చు. అందరూ అందరికీ తెలుసు, పబ్ ఒక్కటే, వీధి ఒక్కటే. లాక్స్‌టన్‌లో రైతుల ఇళ్ళు పొలాల్లో ఉండవు, ఊరి వీధి పొడుగునా పక్కగోడ వీధి వైపు పెట్టి వరసగా ఉంటాయి. 18వ శతాబ్దపు ఎర్రటి ఇటుక ఇళ్ళు, పెంకుల కప్పులు. పొలం విడివిడిగా కంచె వేసుకున్న ఊళ్ళలో రైతు ఇల్లు కట్టుకుని పొలం మధ్యకు వెళ్ళిపోయాడు. ఇక్కడ వెళ్ళాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అతని భూమి ఏ ఒక్క చోటా లేదు. రోజూ మొహాలు చూసుకునే చోట పదిమందిలో పేరు చదివించుకోవడమే శిక్ష.

తుంగభద్ర (కర్నూలు)

పిన్‌ఫోల్డ్ అని చదివాను ఈ ఊరి గురించి. పైరులో పడ్డ పశువును పట్టి కట్టేసే దొడ్డి. అంటే మన బందెలదొడ్డే కదా? దానికి కాపలాదారు కూడా ఉండేవాడట.

పాతపటాలు (రాజమహేంద్రవరం)

అదే. పిండర్ అనేవాడు ఆ పని చూసేవాడు. పశువును విడిపించుకోవాలంటే యజమాని డబ్బు కట్టాలి. మన బందెలదొడ్లకు మాత్రం చట్టం వేరే ఉంది, 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం, బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిందే. పశువు చేలో పడితే ఎవరిది తప్పు అన్న తగువు అన్ని దేశాల్లోనూ ఉంది. బ్రిటిష్‌వాళ్ళు తమ ఊళ్ళలో అలవాటైన దొడ్డి పద్ధతినే మనకూ చట్టంగా రాశారు.

చార్మినార్‌గల్లీ (హైదరాబాద్)

కోపం తెచ్చుకోకండి, నాకు ఇది మ్యూజియంలాగే కనిపిస్తోంది. రైతులు దీని మీద బతకడం లేదని మీరే అన్నారు. యజమాని ఎస్టేటు. టూరిస్టులు వస్తారు. అలాంటప్పుడు సజీవమైన పద్ధతి అనడం సబబేనా?

ట్రెంట్‌ఒడ్డు (నాటింగ్‌హామ్)

అడగాల్సిన ప్రశ్నే. 1952లో ఎర్ల్ మ్యాన్వర్స్ ఊరిని అమ్మాలనుకున్నప్పుడు వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది, ఈ పద్ధతిని కాపాడాలనే. 1981లో రాచరికపు భూములు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్ళింది. మళ్ళీ వాళ్ళూ అమ్మేస్తామన్నప్పుడు ఊళ్ళో టెన్షన్ మొదలైంది. కొత్త యజమాని చెక్కలు కలిపేస్తే అడ్డుకోవడం ఎవరి తరం? చివరికి 2020లో థోర్స్‌బీ ఎస్టేట్, అంటే పాత మ్యాన్వర్స్ వాళ్ళ ఎస్టేటే, తిరిగి తీసుకుంది. కాబట్టి కాపాడాలని కావాలనే నిలబెట్టారన్నది నిజం. వదిలేసి ఉంటే ఇప్పటికి ఉండేది కాదు.

కానీ మ్యూజియంలో గోధుమను ఎవరూ అమ్ముకోరు. ఇక్కడ పండింది మార్కెట్‌కు వెళుతుంది, కౌలు కడతారు, వాన ముంచితే నష్టపోతారు. చెక్కల్లో కంబైన్ హార్వెస్టర్ తిప్పడం కష్టమని తెలిసి కూడా చేస్తున్నారు. కొత్త తరంలో సేద్యానికి నిలిచేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇంగ్లండ్ పల్లెలన్నిటిలోనూ ఉన్నట్టే ఇక్కడా ఇల్లు కొనాలంటే రైతుబిడ్డకు అందదు. నాకు భయం టూరిస్టుల గురించి కాదు. జ్యూరీలో కూర్చోడానికి సరిపడా రైతులు ఇరవై ఏళ్ళ తర్వాత ఉంటారా అన్నదే.

ఎన్నెల (లెస్టర్)

మిగతా ఊళ్ళకు ఏమైందో కూడా చెప్పాలి. లేకపోతే లాక్స్‌టన్ విలువ తెలియదు. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి ఊరి పొలాలకూ, ఉమ్మడి బీళ్ళకూ కంచెలు వేయించింది. మొత్తం 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్‌లో ఐదో వంతుకు పైగా. దిగుబడి పెరిగిందని వాదించేవాళ్ళున్నారు, చాలాచోట్ల పెరిగి ఉండొచ్చు. కానీ ఒక ఆవునో నాలుగు గొర్రెలనో ఉమ్మడి బీడులో మేపుకుని బతికే ఇంటికి ఆ రోజుతో ఆవు పోయింది. పరిహారంగా చిన్న ముక్క ఇచ్చినా, దాని చుట్టూ కంచె వేసుకునే ఖర్చు భరించలేక అమ్ముకున్నవాళ్ళున్నారు. హక్కు కాగితం మీద లేనివాళ్ళకు అదీ లేదు. కట్టెపుల్లలు ఏరుకోవడం, పరిగ ఏరుకోవడం మీద ఆధారపడ్డ ఆడవాళ్ళ పేర్లు ఏ లెక్కల్లోనూ రాలేదు.

లాక్స్‌టన్‌లో కూడా 18వ శతాబ్దంలో కొంత భూమికి కంచెలు పడ్డాయి. పూర్తిగా పడలేదు. భూమి పంచిపెట్టే కమిషనర్లకు, సర్వేయర్లకు, పొదల కంచెలకు బోలెడు ఖర్చు. దొరలు చేయలేక వదిలేసిన పని వల్ల మిగిలిన ఊరిది.

కందిచేను (మహబూబ్‌నగర్)

పైన "దున్నకూడని పచ్చిక" అన్నారు ట్రెంట్‌ఒడ్డు గారు. అదేమిటో వివరిస్తారా?

ట్రెంట్‌ఒడ్డు (నాటింగ్‌హామ్)

వాటిని సైక్‌లు అంటారు. పొలాల మధ్య పల్లంగా, తడిగా ఉండి నాగలి దిగని చోట్లు. వందల ఏళ్ళుగా దున్నలేదు, ఎరువు వేయలేదు. అందుకే ఇంగ్లండ్‌లో మిగతా చోట్ల కరువైపోయిన పచ్చిక పువ్వులు అక్కడ మిగిలాయి. ప్రభుత్వం వాటిని రక్షిత స్థలాలుగా ప్రకటించింది. వాటి గడ్డి ఎవరి సొంతమూ కాదు. ఏటా వేసవిలో కోసుకునే హక్కుకు వేలం వేస్తారు. పువ్వులు చూడాలంటే జూన్‌లో, గడ్డి కోయకముందే వెళ్ళాలి.

వెళ్ళేవాళ్ళకు దారి: ఏ1 రోడ్డు మీద టక్స్‌ఫర్డ్ దగ్గర దిగితే అక్కడినుంచి కొద్ది మైళ్ళే. రైల్లో అయితే న్యూఆర్క్ గానీ రెట్‌ఫర్డ్ గానీ దిగి కారు చూసుకోవాలి, బస్సుల మీద ఆధారపడొద్దు. పొలాల గుండా నడకదారులున్నాయి, పంట తొక్కకుండా వాటిమీదే వెళ్ళండి. నాజీల చేతిలో యూదుల ఊచకోతను గుర్తుచేసే, 1995లో మొదలైన నేషనల్ హోలోకాస్ట్ సెంటర్ కూడా ఈ ఊరి పరిధిలోనే ఉంది. రెండూ చూడాలంటే ఒక రోజంతా పెట్టుకోండి.

మెట్టరైతు (మార్కాపురం)

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. చెక్క కొసకు వచ్చాక నాగలి తిప్పుకోవాలి కదా. కంచె లేదు, గట్టు లేదు, ఆ కొసన ఇంకొకడి చెక్క అడ్డంగా ఉంటే ఎవరి నేలలో తిప్పుతారు?

పాతపటాలు (రాజమహేంద్రవరం)

ఆ అడ్డంగా ఉన్న చెక్కవాడి నేలలోనే. అలాంటి చెక్క ఉన్నవాడు పక్కవాళ్ళందరూ దున్నడం అయ్యేదాకా ఆగి, చివర్లో తనది దున్నుకోవాలి. ఎద్దులతో దున్నిన రోజుల్లో ఇంగ్లండ్ ఊళ్ళలో కట్టుబాటు అది. అడ్డం పడ్డ చెక్కలో విత్తనం ఆలస్యంగా పడేది, పైగా అందరి ఎద్దులూ తొక్కిన నేల.